ఓడ మునిగింది, ప్రాస తేలింది

నేను ఒక ఓడను ముంచాను. అదీ సముద్రం జాడే లేని నోయిడాలో, మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, కాబోయే మామగారి కళ్ళముందు. నవ్వాలనుకునేవాళ్ళు కుర్చీ దగ్గరికి లాక్కోండి.

అప్పటికి నేనూ, మా ఆఫీసులోనే పనిచేసే సుజాతా పెళ్ళి చేసుకుందామనుకున్నాం. వాళ్ళ నాన్నగారు విశాఖ మనిషి, నౌకాదళంలో అధికారి. ఢిల్లీలో ఫైళ్ళతో విసిగిపోయి, ఉగాది వెళ్ళగానే మళ్ళీ ఓడెక్కబోతున్నారు. ఆయన సరేనంటేనే పెళ్ళి. ఉగాది కవి సమ్మేళనానికి నాన్న వస్తున్నారు, ఏదైనా నాలుగు మంచిమాటలు చదవమంది సుజాత. మాటలేం సరిపోతాయి, ఆయన ఓడ మీద కంద పద్యమే రాస్తానన్నాను. ఎవరడిగారు చెప్పండి?

కందంలో ప్రతి పాదానికీ రెండో అక్షరం ఒకటే ఉండాలి, అది ప్రాస. ఓడతో మొదలుపెట్టాను కాబట్టి అన్నిచోట్లా డకారమే కావాలి. ఓడ, నీడ, తోడు అంటూ మూడు పాదాలు హాయిగా సాగాయి. నాలుగో పాదంలో మొదటి అక్షరం మధ్యలో మళ్ళీ పలకాలి, అది యతి. యతి కుదిరితే ప్రాస పారిపోతోంది. ఆఫీసు క్యాబ్‌లో వేళ్ళు మడుస్తూ గొణుక్కుంటుంటే డ్రైవర్ భయపడి, "సబ్ ఠీక్ హై, భయ్యా?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడే దొరికింది:

"మూడెను కాలము మునిగెను మున్నీటనదే."

ప్రాస సరి, యతి సరి, గణాలు సరి. పొంగిపోయాను. అర్థం సంగతంటారా, కాలం మూడి ఓడ సముద్రంలో మునిగిందని! ఒట్టు, నాకు తట్టనే లేదు.

సభలో రాగం తీసి మరీ చదివాను. చివర ఊపిరి ఉన్నంతసేపు సాగదీశాను. సుజాత చున్నీతో ముఖం కప్పుకుంది. అధ్యక్షులైన రిటైర్డ్ తెలుగు మాస్టారు మాత్రం యతికి మురిసిపోయి, "వన్స్ మోర్," అన్నారు. మీరైతే ఆగేవారేమో. నేను ఆ ఓడను ఇంకాస్త పైస్థాయిలో మళ్ళీ ముంచాను.

భోజనాల దగ్గర సుజాత నాన్నగారే నా పక్కకి వచ్చారు. నేను పులిహోర ప్లేటుతో గోడవైపు జరిగాను.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఏ శత్రువూ నా ఓడని ముంచలేకపోయాడు బాబూ. నువ్వు రెండుసార్లు ముంచేశావు."

"ప్రాస కోసం, అంకుల్," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ప్లేటు పక్కన పెట్టి మరీ నవ్వారు. "మీ పెళ్ళికి నాకేటీ అభ్యంతరం లేదు. మా అమ్మాయి మీద మాత్రం పద్యం రాయకు."

ఏడడుగులు తర్వాత నడిచాను గానీ, ఆ ప్రమాణం మాత్రం అక్కడే, పులిహోర సాక్షిగా చేసేశాను. పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ వచనంతోనే సరిపెడుతున్నాను. సుజాత నిక్షేపంగా ఉంది.