లీలారాణి కూతురికి వచ్చిన ఆరు

ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీలో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో నేనూ లీలారాణీ కలిసి పనిచేస్తాం. ఆమె తెనాలి మనిషి. పదో తరగతి లెక్కల్లో తప్పితే మళ్లీ పరీక్షకు కట్టనివ్వకుండా బడి మాన్పించారు. అందుకే కూతురు ఉజ్వల లెక్కలంటే ఆమెకు గుండెదడ.

జూన్‌లో ఉజ్వలకు ఫోర్త్ క్లాస్ రిపోర్టు వచ్చింది. లెక్కల దగ్గర ఆరు అని ఉంది.

"పదికి ఆరంట అక్కా! నాలాగే అయిపోద్దేమో."

"మన రోజుల్లో ఆరొస్తే పండగేగా?"

"నీకు పండగే. నువ్వు బడికెళ్లింది మధ్యాహ్న భోజనానికి!"

ఆ సాయంత్రమే తెనాలిలో లెక్కలు చెప్పే తమ్ముడు ప్రసన్న కుమార్‌కు ఫోన్ చేసి, సెలవులంతా వీడియోలో ట్యూషన్ మాట్లాడేసింది. ఫుట్‌బాల్ క్యాంపు వద్దంది. ఉజ్వల "దట్స్ నాట్ ఫెయిర్, మమ్మీ" అని అమ్మతో మాట మానేసింది. అప్పుడు లీలారాణికి దిగులు పట్టుకుంది. టీచర్ని అడుగుదామని నేనే బయల్దేరదీశాను.

మిసెస్ గాలహర్ ఓపిగ్గా చెప్పింది. అవి మార్కులు కావట. సెకండ్, ఫోర్త్, సిక్స్త్ క్లాసుల్లో ఈ పరీక్ష పెట్టి, దేశంలో అదే క్లాసు పిల్లల మధ్య మన పిల్ల ఎక్కడుందో చూస్తారట. నడుమ ఉన్నవాళ్లకు ఐదో ఆరో వస్తుందట. గ్రేడులిచ్చే పెద్ద పరీక్ష సెకండరీకి వెళ్లాక మూడో ఏడాదిలోనట.

"భిన్నాల దగ్గర కాస్త తడబడుతుంది. అంతే. షీ ఈజ్ గ్రాండ్," అంది. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉందని.

"అయితే ఇందులో ఫెయిల్ లేదా?" అంది లీలారాణి.

"లేదు."

"ఎవరికీనా?"

"ఎవరికీ."

బయటికొచ్చి కారు పక్కనే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరే ప్రసన్నా, ట్యూషన్ వద్దులేరా."

"ఏమే అక్కా, అప్పుడే అంత తెలివైందైపోయిందా?"

"మామూలుగా ఉందిరా. మామూలుగా ఉంటే చాలంట."

ఇంటికి వెళ్లాక ఉజ్వలను పిలిచింది. నేను టీ తాగుతూ విన్నాను.

"క్యాంపుకెళ్లమ్మా. కానీ రోజూ కాసేపు నాతో కూర్చుని భిన్నాలు చెయ్యాల."

"బట్ యు కాంట్ డు ఫ్రాక్షన్స్, మమ్మీ!"

"అందుకే. నువ్వు నేర్పు."

పిల్ల పెన్సిల్ తెచ్చుకోవడానికి లేచింది.