ముగ్గుపిండితో వేసిన రోడ్లు

మా ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయిన ఏడాదే నేను ప్లానింగ్ విభాగంలో చేరాను. ముత్తుకూరు వైపు లారీలు పెరిగిపోతున్నాయని, రాబోయే ఇరవై ఏళ్లకు ఏ రోడ్డు ఎటు పోవాలో ఇప్పుడే తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా ఇంజనీరుగారు, నేను ఊరంతా తిరిగి మ్యాపు గీశాం. జనం మాట కూడా వినాలని ఒక ఆదివారం, చర్చి ప్రార్థన అయ్యాక, హైస్కూలు గ్రౌండులో సభ పెట్టాం.

గోడకు తగిలించిన మ్యాపును అందరూ చూశారు. కొందరు తల పక్కకు వంచి కూడా చూశారు. చివరికి చేపలమ్మే అక్క ఒకామె ముందుకొచ్చి నన్నడిగింది.

"ఏందిమే ఇది? చీర డిజైనా?"

ఇంజనీరుగారి ముఖం చూసి నాకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఒక ఆలోచన తట్టింది. పక్క కొట్లోంచి ముగ్గుపిండి తెప్పించి, గ్రౌండు మీదే ఊరిని గీయడం మొదలుపెట్టాను. గోల్‌పోస్టు దగ్గర సముద్రం, మధ్యలో మార్కెట్టు. ఆడవాళ్లు తలో గుప్పెడు పిండి అందుకున్నారు. కాసేపటికి ఎవరి ఇంటి మీద వాళ్లు నిలబడి ఒకటే కేకలు.

"అన్నా, నా వాకిట్లో నిలబడినావు, జరుగు!"

చేపల అక్క తట్ట నెత్తిన పెట్టుకుని సముద్రం నుంచి మార్కెట్టుకు బయల్దేరింది. మేం గీసిన రోడ్డు వదిలేసి అడ్డంగా నడిచింది.

"అమ్మా, అక్కడ కాలవ ఉంది," అన్నారు ఇంజనీరుగారు.

"కాలవ గట్టు లేదా సార్? రోజూ మేం పొయ్యేది దానిమీదనే. మీ రోడ్డు చుట్టూ తిరిగొచ్చేలోపల చేప కుళ్ళిపోద్ది."

వెనకాలే ముప్పైమంది ఆడవాళ్లు అదే దారిన నడిచారు. నేను వాళ్ల అడుగుల వెంట గీత వేసుకుంటూ పరుగెత్తాను.

"ఎంత వెడల్పు కావాలమ్మా?"

"తట్టలతో ఇద్దరం పోతా ఉంటే పక్కన ఆటో పట్టాల."

"ఆటో ఏదీ?"

"మీరే!"

ఎన్నడూ నవ్వని ఇంజనీరుగారు ఒక్క క్షణం ఆలోచించి, చేతులు బార్లా చాపి, "పాం పాం" అంటూ ఇద్దరు ఆడవాళ్ల పక్కనుంచి దూసుకుపోయారు. గ్రౌండు గ్రౌండంతా ఈలలు. నవ్వి నవ్వి నాకు టేపు చేతిలో నిలవలేదు. రెండుసార్లు కొలిచాను, ఆయన రెండుసార్లూ హారన్ కొట్టారు.

కౌన్సిల్‌లో ఆ వెడల్పు ఎలా తేల్చారని అడిగితే, ఆయన గొంతు సవరించుకుని "క్షేత్ర పరిశీలన" అన్నారు. నేను మంచినీళ్ల వంకతో బయటికి పారిపోయాను.

కాలవ శాఖ వాళ్ల అనుమతికే చాలాకాలం పట్టింది. నిరుడు గట్టు మీద తారు పడింది. మొదటి వారంలోనే చేపల అక్క నన్ను తనతో ఆటో ఎక్కించింది. ఒళ్లో తట్ట, నా చీర నిండా చేపల నీళ్లు, ముఖానికి సముద్రపు గాలి. మార్కెట్టు వచ్చేసినా ఇద్దరం దిగలేదు. ఆటో అబ్బాయిని ఇంకోసారి తిప్పమన్నాం.