పేస్టింగ్ హాలు మేస్త్రి గారు

మేస్త్రి గారు పోయారని పోయిన సోమవారం ఉదయం ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడే ప్రార్థన ముగించి బైబిలు మూస్తున్నాను.

“మావయ్య తెల్లారుజామున పోయారు ఆంటీ. సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తాం,” అంది. కొంచెం ఆగి, “అందరికంటే ముందు మీకు చెప్పమని మరీ మరీ చెప్పారు. ఎందుకో మాకు చెప్పలేదు,” అంది.

ఎందుకో నాకు తెలుసు. నాలుగింటి లోపల నేను ఇప్పుడుంటున్న నందిగామ నుంచి వత్సవాయి వెళ్లి, నా స్నేహితురాలు రూతమ్మకు ఒక సంగతి చెప్పాలి. అది మేస్త్రి గారి గురించిన సంగతి. చెబుతానని ఆయనకు మాట ఇచ్చాను. అది విన్నాక రూతమ్మ ఆయన సమాధిలో పిడికెడు మట్టి వేస్తుందో, వెనక్కి తిరిగి వెళ్లిపోతుందో నాకు తెలియదు.

మేస్త్రి గారు జగ్గయ్యపేట చెప్పుల కంపెనీలో పనిచేశారు. మా ఊళ్లో బూట్లు తయారయ్యేవని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. మొదట అది ఊరి చివర ఒక అద్దె గోడౌను. నాలుగు మిషన్లు, కొద్దిమంది పనివాళ్లు. మద్రాసులో పని నేర్చుకుని వచ్చిన మేస్త్రి గారు వాళ్లలో ఒకరు. పొలం పనులకు వెళ్లేవాళ్ల కోసం టైరు అడుగుల చెప్పులు కుట్టేవారట. తర్వాత స్కూలు పిల్లల నల్ల బూట్లకు ఆర్డర్లు రావడం మొదలైంది. గోడౌను చాలక షెడ్డు కట్టారు. షెడ్డులో ఒక పొడవాటి హాలు. బూటు పైభాగాన్ని అడుగుకు అతికించే పని అందులో జరిగేది. దాన్ని పేస్టింగ్ హాలు అనేవాళ్లం. నేను పదో తరగతి పాసై, పంతొమ్మిదో ఏట అందులో చేరాను. వత్సవాయి నుంచి బస్సులో వచ్చే రూతమ్మది నా పక్క బెంచీ.

అంతకుముందు అడుగులను మేకులు కొట్టి, దారంతో కుట్టి బిగించేవాళ్లు. నేను చేరే వేళకు సొల్యూషన్ అనే జిగురు డబ్బాలు వచ్చాయి. బ్రష్షుతో రాసి, కాస్త ఆరనిచ్చి, అదిమితే చాలు. పని మూడింతలు వేగమైంది. ఆ డబ్బా మూత తీస్తే పండిన పండు వాసనలాంటి తియ్యటి వాసన వచ్చేది. నిజం చెప్పాలంటే మా అందరికీ ఆ వాసన ఇష్టం. సాయంత్రం జడలో పూలు పెట్టుకున్నా పైకి అదే వాసన వచ్చేది.

మేస్త్రి గారు గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. చెవి మీద పెన్సిలు, భుజం మీద తువ్వాలు. ఒక్కో బూటు తీసుకుని బొటనవేలితో అడుగును లాగి చూసేవారు. ఊడిందా, దాన్ని చేసిన పిల్ల ముందు పెట్టి, ఆ పిల్ల తలెత్తేదాకా నిలబడేవారు. “ఇది వేసుకునే పిల్లాడు మనకి కనపడడమ్మా. కనపడనివాళ్ల గురించే ఎక్కువ భయపడాలి,” అనేవారు. ఆ మాట నేను సండే స్కూలు పిల్లలకు ఇప్పటికీ చెబుతుంటాను.

మా వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము సంగతి తెలిసిందే. ఉతికి ఆరేసిన చీర గంటలో బూడిద రంగుకు తిరుగుతుంది. రాసిన సొల్యూషన్ మీద ఆ దుమ్ము పడితే అతుకు నిలవదు. అందుకని హాలు కిటికీలన్నీ మూయించి, సందుల్లో గుడ్డలు కుక్కించారు. మూయించింది మేస్త్రి గారే. ఈ మాట రాయకుండా ఆయన గురించి రాస్తే అబద్ధమవుతుంది. “దుమ్మే మనకి శత్రువు. అది లోపలికి రాకపోతే చాలు,” అన్నారు. మేమూ అదే నమ్మాం. ఎండాకాలంలో కూడా ఒక్క కిటికీ తెరవలేదు.

మొదట ఏం జరిగిందో బాగా గుర్తుంది. సాయంత్రం గంట కొట్టాక అందరం గేటు దాటి నడుస్తున్నాం. మా వరస చివర కూర్చునే పిల్లను రూతమ్మ పిలిచింది.

“ఏమే, రెండో చెప్పు ఎవరికి దానం చేశావు?”

“ఏంటే, కాలికే ఉందిగా.”

“కిందకి చూసుకోవే తల్లీ.”

ఆ పిల్ల కిందకు చూసుకుంది. ఎడమ కాలికి చెప్పు లేదు. వెనక్కి చూస్తే గేటు దగ్గర పడి ఉంది. అంత దూరం ఒట్టి కాలితో కంకర మీద నడిచి వచ్చింది. “ఎవరి మీదే ధ్యాస?” అని అందరం నవ్వాం. ఆ పిల్లా నవ్వింది. తర్వాత తన కాలి వంక చూసుకుంటూ నిలబడిపోయింది.

నెల తర్వాత ఆ పిల్ల బస్సు మెట్టు ఎక్కలేక పని మానేసింది. తర్వాత ఇంకో అమ్మాయి. ఆ తర్వాత ఇద్దరు. షెడ్డు కట్టిన స్థలం మంచిది కాదని కొందరన్నారు. కంపెనీవాళ్లు గోడలకు సున్నం వేయించి, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు. మేం కొందరం శుక్రవారాలు ఉపవాసం ఉండి ప్రార్థించాం. మా కాళ్లను కాపాడమని అడిగాను. ఆ కిటికీల మాట మాత్రం నాకు తట్టలేదు.

మేస్త్రి గారు కూడా మొదట విసుక్కున్నారు. “సెలవు కావాలంటే సెలవని అడగండి. కాళ్లెందుకు మధ్యలో?” అనేవారు. తర్వాత ఒకరోజు టీ వచ్చింది. పొగలు కక్కుతున్న గ్లాసులను మేం కొంగులతో పట్టుకున్నాం. ఆయన ఒట్టి చేత్తో పట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డారు.

“మేస్త్రి గారూ, కాలట్లేదాండీ?” అంది రూతమ్మ.

ఆయన మాట ఆపి గ్లాసు వైపు చూశారు. మా కొంగుల వైపు చూశారు. గ్లాసు బల్ల మీద పెట్టేశారు. వేళ్లు ఎర్రగా కంది ఉన్నాయి. ఆయన ముఖం అంత పాలిపోవడం అంతకుముందు చూడలేదు. ఆ మధ్యాహ్నమే, “ఈ వాసన బయటికి పోవాలి,” అంటూ గుడ్డలన్నీ పీకి, కిటికీలన్నీ తనే తెరిచారు.

మూడో రోజుకు అతుకులు ఊడిన బూట్లు గుట్టపడ్డాయి. యజమాని వచ్చి కిటికీలు మళ్లీ మూయించారు. “స్కూళ్లు తెరిచే టైము మేస్త్రీ. ఈ ఆర్డరు వెళ్లిపోనివ్వు, తర్వాత నీ ఇష్టం,” అన్నారు. మేస్త్రి గారు తల వంచుకుని నిలబడ్డారు.

ఆ మర్నాటి నుంచి హాలు గుమ్మం దగ్గర ఒక పళ్లెం పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. అందులో ఒక చిన్న మేకు, ఒక దారం ముక్క, ఒక గుండీ. లోపలికి వెళ్లే ప్రతి అమ్మాయీ కళ్లు మూసుకుని చెయ్యి చాపాలి. ఆయన ఏదో ఒకటి వేళ్ల మధ్య పెడతారు. తడిమి చెప్పాలి.

“ఏంటిది?”

“మేకండీ.”

“ఇది?”

“గుండీ. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు మేస్త్రి గారూ.”

“వాళ్లు నీ వేళ్లు చూసుండరు. లోపలికి పో.”

చెప్పలేకపోయిన అమ్మాయిని ఆ రోజే ప్యాకింగ్‌కు మార్పించేవారు. అక్కడ సొల్యూషన్ ఉండదు. మమ్మల్ని కాపాడటానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. కానీ ప్యాకింగ్‌లో మనుషులు ఎక్కువైపోయారని, అలా వెళ్లినవాళ్లను నెల తిరక్కుండా ఇంటికి పంపించేసేవాళ్లు. దాంతో మాకు సొల్యూషన్ కంటే ఆ పళ్లెం అంటేనే భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం రూతమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“నా వేళ్లు మొద్దుబారాయే. ఎవరితో అనకు.”

“ఎన్నాళ్లబట్టి?”

“ఈస్టరు ముందు నుంచి. రేపు నా వెనకాల నిలబడు. మేకైతే ఒకటి, దారమైతే రెండు, గుండీ అయితే మూడు. వీపు మీద వేలితో కొట్టు, చాలు.”

“తప్పు కదే రూతమ్మా.”

“నన్ను ఇంటికి పంపేస్తే మా అమ్మకి అన్నం నువ్వు పెడతావా?”

వాళ్లమ్మకు చూపు లేదు. మర్నాడు రూతమ్మ వెనకాల నిలబడి, భుజం మీదుగా చూసి, వీపు మీద వేలితో కొట్టాను. మేస్త్రి గారు ఒక్క క్షణం ఆగి, “లోపలికి పో,” అన్నారు. ఆ మే నెలంతా అలాగే చేశాను. హాల్లో ఊపిరాడని ఎండ. డబ్బాలు మూత తీయగానే కళ్లు మండేవి. రూతమ్మ చేతిలోంచి బ్రష్షు జారిపోతుంటే, మేస్త్రి గారు చూడకముందే అందించేదాన్ని.

స్కూళ్లు తెరిచాయి. లారీలు వెళ్లిపోయాయి. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థనకు మోకరించిన రూతమ్మ తిరిగి లేవలేకపోయింది.

విజయవాడలో పెద్ద డాక్టరు గారు కాళ్లూ చేతులూ చూసి, ఏం పని చేస్తుందని అడిగారు. చెప్పాను. “మూసిన గదిలోనా?” అన్నారు. అవునన్నాను. “ఆ సొల్యూషన్ ఆవిరి నరాలకు పట్టింది. నెల ముందు అక్కడి నుంచి తప్పించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదమ్మా,” అన్నారు. ఆ నెల ఏదో నాకు తెలుసు. పని మానేశాక కూడా రెండు నెలలు అది ముదురుతూనే పోయింది. రూతమ్మ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తుంది. నాకు దేవుని దయవల్ల సూదిలో దారం ఎక్కించలేకపోవడం తప్ప ఇంకే ఇబ్బందీ లేదు.

కంపెనీ ఆ తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. పిల్లలను పంపడానికి తల్లిదండ్రులు భయపడ్డారు. ఆర్డర్లు వేరే ఊళ్లకు పోయాయి. ఆ షెడ్డులో ఇప్పుడు మిరపకాయ బస్తాలు పెడుతున్నారు.

మేస్త్రి గారు మళ్లీ సొల్యూషన్ ముట్టుకోలేదు. ఇంటి అరుగు మీద కూర్చుని, మొద్దుబారిన వేళ్లతోనే, హాల్లో పనిచేసి కాళ్లు పాడైనవాళ్లకు బూట్లు కుట్టేవారు. అవి తేలికగా, పాదం వాలిపోకుండా మడమ వెనక గట్టి పట్టీతో ఉండేవి. ఏటా క్రిస్మస్ ముందు చేతికర్ర ఊతంతో బస్సెక్కి వత్సవాయి వెళ్లి, కింద కూర్చుని, రూతమ్మ కాళ్లకు తనే తొడిగి వచ్చేవారు. టీ ఇస్తే తాగేవారు కాదు. “మా నాన్న కూడా నా కాళ్ల దగ్గర కూర్చోలేదే,” అని రూతమ్మ నాతో ఎన్నిసార్లు అన్నదో.

పోయిన శ్రమదినాల్లో, ఈస్టరు ముందు ఉపవాసాలప్పుడు, నా మనసు నిలవక ఆయన దగ్గరకు వెళ్లాను. మంచం మీద ఉన్నారు. రూతమ్మ వీపు మీద వేలితో కొట్టిన సంగతి చెప్పాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట. ఏడుస్తూనే చెప్పాను. ఆయన తల నా వైపు తిప్పారు.

“చూశానమ్మా,” అన్నారు.

నాకు అర్థం కాలేదు.

“మొదటిరోజే చూశా నీ చెయ్యి. పేస్టింగులో రూతమ్మంత చురుకైన పిల్ల లేదు. తనని తీసేస్తే లారీ టైముకి కదలదు. ఆర్డరు వెళ్లాక మార్పిద్దాంలే అనుకుని, చూడనట్టు ఊరుకున్నా.”

“రూతమ్మకి చెప్పారాండీ?”

“ఏటా చెబుదామనే బస్సెక్కుతా. బూట్లు తొడిగి వచ్చేస్తా.” కళ్లు మూసుకున్నారు. “నేను పోయాక నువ్వు చెప్పు. మట్టి వెయ్యకముందే చెప్పు. వెయ్యాలో వద్దో ఆ పిల్ల ఇష్టం.”

ఆయన మీద కోపం రావాలి కదా. రాలేదు. ఆ గుమ్మంలో నేనూ ఉన్నాను కదా అనిపించింది. ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాను. నా వేళ్ల మధ్య ఆ చెయ్యి ఎండిన తోలులా ఉంది.

సోమవారం వత్సవాయి వెళ్లేసరికి రూతమ్మకు అప్పటికే కబురు అందింది. తెల్లచీర కట్టుకుని గడప దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఇంట్లో చెప్పలేకపోయాను. ఆటో ఊరు దాటాక చెప్పాను. ఆయన ఎలా చెప్పారో అలాగే, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను.

రూతమ్మ ఏడుపు ఆగిపోయింది.

“చూశారా?”

“చూశారట.”

“ఒక్కరోజేనా?”

“మొదటిరోజు నుంచీ.”

సిమెంటు లారీలు ఎదురు రావడం మొదలయ్యాక, “నువ్వు వేస్తావా మట్టి?” అని అడిగింది.

“వేస్తా. ఆయన చేసిన తప్పే నేనూ చేశా.”

“అదీ ఇదీ ఒకటి కాదులే,” అంది బయటికి చూస్తూ. “నిన్ను నేను అడిగా. ఆయన్ని ఎవరూ అడగలేదు.”

జగ్గయ్యపేట సమాధుల తోటలో జనం ఎక్కువ లేరు. హాల్లో పనిచేసినవాళ్లలో నడవగలిగిన కొందరు వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరం మట్టి వేశాం. రూతమ్మ నా భుజం పట్టుకుని గుంట అంచు దాకా వచ్చింది. ఎవరో ఆమె చేతిలో మట్టి పెట్టారు. పిడికిలి బిగించి నిలబడింది. వెనకవాళ్లు ఆగారు. ఆయన కోడలు మావైపు చూసింది. పాస్టరు గారు ఇంకో వాక్యం చదివారు. అదీ అయిపోయింది. అప్పుడు రూతమ్మ చెయ్యి చాచి వేళ్లు విప్పింది. కొంత మట్టి పడింది. కొంత అరచేతికి అంటుకుని ఉండిపోయింది. తీసి వేయడానికి రెండో చెయ్యి ఎత్తి, మళ్లీ దించేసింది.

బయట బకెట్లో నీళ్లు పెట్టారు. అందరం చేతులు కడుక్కున్నాం. రూతమ్మ కడుక్కోకుండానే ఆటో ఎక్కింది. ఎండ తగ్గింది. రోడ్డు పక్క చెట్లన్నీ సిమెంటు దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. రూతమ్మ ఆ అరచేతిని పైకి తిప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గీతల్లో నల్లమట్టి మెల్లగా ఆరి, పొడిగా మారుతోంది. గాలికి కొంచెం కొంచెం రేగిపోతోంది. వత్సవాయి వచ్చేదాకా ఆమె ఆ చేతిని దులపలేదు, మూయలేదు.