పిన్నులు లేని సీటు

నిరుడు చలికాలంలో బాన్సువాడ జూనియర్ కాలేజీ వాళ్లు నాకొక పని అప్పగించారు. నగరంలోని ఒక మ్యూజియంలో యుద్ధకాలపు సైనిక విమానాల ప్రదర్శన పెట్టారు. విద్యార్థులతో వెళ్లి, వాటి గురించి వివరించాలి. నేను వైమానిక దళంలో ఆర్మమెంట్ ఫిట్టర్‌గా చేరి, జూనియర్ వారంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. బాంబులతో పాటు ఎజెక్షన్ సీట్లు కూడా మా ట్రేడు బాధ్యతే. ప్రమాదంలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేది అందులోని మందుగుండు కాట్రిడ్జి. విమానం నేల మీద ఉన్నంతసేపూ ఆ సీటుకు, అది పేలకుండా ఆపే ఎర్ర రిబ్బన్ల సేఫ్టీ పిన్నులు పెట్టే ఉంచాలి.

హాల్లో ఒక ఫైటర్‌కు నిచ్చెన వేసి, కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి ఫొటోలు దిగనిస్తున్నారు. నేను పిల్లలకు రెక్కల కింది బాంబు ర్యాకులు చూపిస్తుంటే, మాతో వచ్చిన ఫిజిక్స్ లెక్చరర్ సునీత మేడం ఎక్కి కూర్చుంది.

"తల మీద గా చారల హ్యాండిల్ పట్టుకోండి మేడం, ఫొటో మంచిగొస్తది," అన్నాడు అక్కడి ఉద్యోగి.

సీటును పేల్చే హ్యాండిల్ అదే. పరుగున నిచ్చెనెక్కి చూశాను. ఒక్క పిన్నూ లేదు.

"మేడం, చేతులు భుజాల మీద పెట్టుకోండి. దేన్నీ ముట్టకుండ్రి."

"ఏమైంది సార్?"

"కిందికొచ్చినంక చెప్త. మెల్లగ లేవుండ్రి."

ఆమె దిగాక పిల్లలను బయటికి తీసుకెళ్లమన్నాను. కాట్రిడ్జి తీసేసినట్టు కాగితం చూపించమని ఉద్యోగిని అడిగాను.

"యాభై ఏండ్ల కిందటి విమానం, ఇగ దాంట్ల ఏముంటది సార్? ఊకె జనాన్ని బెదిరియ్యకుండ్రి."

సూపర్‌వైజర్ వచ్చి, "ఇక్కడికి తెచ్చేముందే తీసేసి ఉంటారు," అన్నాడు. ఆ 'ఉంటారు' వినగానే నా ఒళ్లు మండింది. మా హ్యాంగర్‌లో, అంటే విమానాల షెడ్డులో, కాట్రిడ్జి తీసినవాడు ఒక సంతకం, సరిచూసినవాడు మరో సంతకం పెట్టాలి. పిన్నులు ఉండే ఉంటాయనుకుని సీటెక్కిన నా సహచరుడొకడు, అది పేలి పైకి విసిరేయడంతో, హ్యాంగర్ పైకప్పుకు కొట్టుకుని చనిపోయాడు. అతని శవాన్ని మోసిన నలుగురిలో నేనొకణ్ని.

ఇంకెవరూ ఎక్కకుండా నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చున్నాను. పోలీసులను పిలుస్తామన్నారు. పిలవమన్నాను. చివరికి హాలు మూసి, వైమానిక దళానికి కబురు పంపారు.

మూడో రోజు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. కాట్రిడ్జి సీటులోనే ఉందట, తీసేశారట. "పేపరోళ్లకు చెప్పకుండ్రి సార్," అన్నాడు. అప్పటిదాకా ఎంతమందిని అందులో కూర్చోబెట్టారని అడిగాను.

"లెక్క పెట్టలే సార్."

క్షమించమన్న మాట ఒక్కటీ రాలేదు. సాంకేతిక కారణాలతో హాలు మూశామని బోర్డు పెట్టారని తర్వాత తెలిసింది. నేను పేపరు వాళ్లకు చెప్పాను.

మందుగుండు పాతబడితే సరిగ్గా పేలుతుందన్న నమ్మకం తగ్గుతుంది గానీ ప్రమాదం తగ్గదు. ప్రమాదం లేదని చెప్పేవాడు ఆ మాట కింద తన పేరు రాసి సంతకం పెట్టాలి. పెట్టనంటే ఆ సీటులో ఎవరినీ కూర్చోనివ్వకూడదు.