ఈశాన్యం గోడ

సగంలో ఆగిపోయిన కట్టడం ముందు నిలబడి "పాపం, వాస్తు కలిసిరాలేదు" అని మీరెన్నిసార్లు అన్నారు? ఈ ఉదయం మా వీధి చివర ఆగిపోయిన అపార్ట్‌మెంటు దగ్గర ఆ మాటే విన్నాను. వానకు తడిసి గడ్డకడుతున్న సిమెంటు వాసన ముక్కుకు తగిలింది. చిన్నప్పుడు ఆ వాసనంటే ప్రాణం. ఇప్పుడు ముక్కు మూసుకున్నాను.

మా నాన్న తాపీమేస్త్రి. డెబ్బైల చివర అమలాపురంలో సినిమాహాలు కడుతున్న రోజుల్లో, సాయంత్రమయ్యేసరికి ఆయన చొక్కా నిండా ఆ వాసన, కూలికెళ్లిన అమ్మ జుట్టు నిండా ఇసుక, పొయ్యి మీద చింతకాయ వేసిన చేపల పులుసు. స్లాబు వేసినరోజు పనివాళ్లందరికీ అరిటాకుల్లో పులిహోర, బూరెలు పెడితే, తన వంతు బూరె తువ్వాల్లో చుట్టి నాకోసం తెచ్చాడు. ఆయన కట్టిన గోడ పక్కన దారానికి ఇత్తడి గుండు వేలాడదీస్తే వెంట్రుకంత తేడా ఉండేది కాదు.

ఆ వానాకాలం ఇనుము రావడం ఆగింది. కంట్రాక్టరు ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ సిద్ధాంతి కిళ్లీ నములుతూ, "ఈశాన్యం మూసేసేరు. యజమానిని ముంచేస్తదండీ ఈ గోడ," అన్నాడు.

"నువ్వు కట్టిందే కదా మేస్త్రీ, నువ్వే తియ్యి," అన్నాడు కంట్రాక్టరు.

"ఆయ్, తమరెలా చెబితే అలాగేనండి."

ప్లాను గీసింది నాన్న కాదు. అయినా తలదించుకున్నాడు. మూడు రోజులు అందరూ కూలి అడక్కుండా ఆ గోడ పగలగొట్టారు. ఆ మూడు రోజుల్లోనే వెనక గేటులోంచి కాంక్రీటు మిక్సరు, సెంట్రింగు రేకులు లారీలెక్కి వెళ్లిపోయాయి. ఎవరూ తల తిప్పలేదు. నాలుగోరోజు తెలిసింది, కంట్రాక్టరు కోర్టులో ఐపీ పెట్టి దివాలా తీశాడని.

నా అసహ్యం కంట్రాక్టరు ఒక్కడి మీదే కాదు. పని పోయినవాళ్లు ఆయనింటికి వెళ్లలేదు, మా గుమ్మం ముందుకొచ్చారు. "నీ గోడే మా నోట్లో మట్టి కొట్టిందిరా!" అని, నిన్నటిదాకా నాన్నతో బీడీ పంచుకున్నవాళ్లే.

"లారీలెల్తుంటే కళ్లెక్కడెట్టుకున్నారండీ?" అమ్మ గొంతు చించుకుంది. "ఏవయ్యా, నువ్వైనా చెప్పవేం?"

"నా చేతిలోనే ఏదో దోషం ఉందే," అన్నాడు నాన్న.

ఆ తర్వాత ఆయన్ని పనికి పిలిచినవాళ్లు లేరు. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలుస్తూ ముసలివాడయ్యాడు. అది కూడా దొరకని ఏడు ఇత్తడి గుండు అమ్మేశాడు. ఆ హాలు పూర్తికాలేదు, ఇప్పుడక్కడ పునాది ఆనవాలు కూడా లేదు.

మా వీధి చివరి అపార్ట్‌మెంటులో మాత్రం ఈ ఉదయం మెట్లు పగలగొడుతున్నారు. ఆగ్నేయం దోషమట. వెనక లారీ ఆగి ఉంది. మీ వీధిలోనూ ఉంటుంది. వెళ్లండి. పలుగు పట్టిన చెయ్యి ఆపండి. లారీకి అడ్డంగా నిలబడి, అందులో ఏముందో అడగండి.