పేర్లు పిలిచి చూసే టీచరమ్మ

ఇందుమూలముగా ప్రోతరాపూర్ వాసులందరికీ తెలియజేయునది ఏమనగా, ఇకపై ఎవరి బిడ్డకు ఎంత నోరు తిరగని పేరు పెట్టుకున్నా అడిగేవారు లేరు. ఎన్ని అక్షరాలైనా ఇరికించుకోవచ్చు. అడ్డం పడే మా టీచరమ్మ మొన్న ఆదివారం తెల్లవారుజామున కన్నుమూశారు.

ఆవిడ దగ్గర నాకు చదువు అబ్బింది అయిదో తరగతి వరకే. తిట్లు మాత్రం మొన్నమొన్నటిదాకా అందాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. రోజూ బడి, ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు. ఇవి కాక ఆవిడకో సొంత పని ఉండేది. చేతిసంచిలో ఒక నోటుబుక్కు, అందులో పేజీకో పేరు, దాని కింద ఆ పేరే ఏ దేశంలో ఎలా మారిందో. మన యోహాను ఇంగ్లీషువాళ్ల దగ్గర జాన్, రష్యాలో ఇవాన్, స్పెయిన్‌లో హువాన్. హార్బరులో పరాయి ఓడ దిగినవాడు ఎవడు కనిపించినా, మీ అమ్మ నిన్నేమని పిలుస్తుందని అడిగి రాసుకునేవారు.

బిడ్డ పుడితే ఏ మతంవాళ్లయినా ఆవిడ గుమ్మం ఎక్కాల్సిందే. అనుకున్న పేరు చెబితే ఆవిడ మెట్ల మీద నిలబడి గట్టిగా పిలిచి చూసేవారు. పక్కింటి బెంగాలీ ఆవిడలా ఒకసారి, ఎదురింటి తమిళాయనలా ఒకసారి, బస్సు కండక్టరులా హిందీలో ఒకసారి. ఎక్కడ నాలుక తడబడినా ఆ పేరు రద్దు. "పెట్టేది మీరు, పిలిచేది వీధి. కాగితం మీద ఎలా ఉన్నా అన్నానికి పిలిస్తే రావాలి" అనేవారు.

చిన్నప్పుడు నేనొక కుక్కపిల్లని తువ్వాలులో చుట్టి పట్టుకెళ్లి, మా అక్క కొడుకు, పేరు చెప్పండన్నాను. ఆవిడ నవ్వకుండా మెట్లెక్కి మూడు భాషల్లో పిలిచారు. మూడో పిలుపుకి కుక్కపిల్ల తోకాడిస్తూ వెళ్లింది. "నీకంటే నయం రా. నువ్వు పదిసార్లు పిలిచినా బడికి రావు" అన్నారు.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవేట కుటుంబం. చర్చికి వెళ్లే ఇంటి పిల్లను చేసుకున్నానని మా అమ్మ రెండేళ్లు నా గడప తొక్కలేదు. కూతురు పుట్టినా రాలేదు. నానమ్మ ఉండీ దీనికి లేనట్టేనా అని నా భార్య బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. వేళాకోళమాడడానికి నాకు నోరు రాని రోజు అదొక్కటే.

సంగతి విని టీచరమ్మ ఆ మధ్యాహ్నమే నన్ను బస్సెక్కించి అమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. అమ్మ చిరిగిన వల ముడేస్తూ తలెత్తలేదు.

"నీ పేరు పెడతానని నీ కోడలే అడిగింది" అన్నారు టీచరమ్మ.

అమ్మ చేతులు ఆగాయి. కానీ మాలో కోడలు అత్త పేరు నోట పలకదు. అదే అడ్డొచ్చింది.

"నా పేరెట్టి ఆ గుంటని రోజూ తిడతాదేటి? నన్ను తిట్టినట్టు కాదా?"

టీచరమ్మ నోటుబుక్కు తెరిచారు. "అరే, నువ్వు నీ పేరే, అన్నమ్మ అని పిలువు. దాని తల్లి హన్నా అంటుంది. బళ్లో ఆన్. అన్నీ ఒక్క పేరే. తిట్లన్నీ హన్నాకి, ముద్దులు నీ అన్నమ్మకి. బస్."

అమ్మ అప్పుడు తలెత్తింది. "ఏదీ, నా కోడల్లాగ ఓపాలి పిలు" అంది.

నా కోడలు. రెండేళ్లలో ఆ మాట వినడం అదే మొదటిసారి. టీచరమ్మ వాకిట్లోకొచ్చి, విసుగూ గారమూ కలిపి, అచ్చం నా భార్యలాగే "హన్నా" అని పిలిచారు. అమ్మ వల పక్కన పెట్టి చెప్పులేసుకుంది.

ఆ తర్వాత అమ్మ మా ఇంట్లోనే ఉండి మనవరాలిని పెంచింది. తన పేరు కోడలే కోరి అడిగిందని పోయేదాకా వీధి వీధంతా చెప్పుకుంది. అమ్మ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు టీచరమ్మా లేరు కాబట్టి చెబుతున్నాను. నా భార్య ఏమీ అడగలేదు. తను అనుకున్న పేరు స్టెల్లా. కోడలు అడిగిందన్నది టీచరమ్మ అప్పటికప్పుడు అల్లిన మాట.

ఆ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి అమ్మ, "నా పేరు అడిగావంట" అంది. నా భార్య ఏమీ అర్థం కాక అమ్మ భుజం మీదుగా వెనక్కి చూసింది. అబద్ధమాడితే మా అరచేతులు వాయగొట్టిన టీచరమ్మ, గేటు పట్టుకుని, కళ్లతోనే బతిమాలుతున్నారు.

"అవునత్తా" అని నా భార్య బిడ్డను అందించింది.