బెంచి మీద ఫోన్

నేను అనుమానపు మనిషిని. గ్యాస్ కట్టేశానని తెలిసినా వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి చూసుకునే రకం. అలాంటిది, ల్యాబుల్లో పనిచేసేవాళ్ల కోసం మొబైల్ యాప్ తయారుచేద్దామని మా మరిది అనేసరికి నా గుండెల్లో రాయి పడింది. ఏ ద్రావణం ఎలా కలపాలి, ఏ రసాయనం దేనితో కలిస్తే ప్రమాదం, అన్నీ అందులో ఉండాలి. ఒక్క అంకె తప్పు పడితే ఎవరి చెయ్యి కాలుతుందో అని నా భయం.

మాది ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిలో బూజు విషం ఉందా లేదా అని పరీక్షించే చిన్న ల్యాబ్. ఆదివారాలు మా ఇంట్లో ప్లానింగ్ నడిచేది. మరిది పేజీలు గీసేవాడు. నేను అంకెలు సరిచూసి, మళ్లీ సరిచూసేదాన్ని.

"వదినా, నువ్వు గిట్ల చూసుకుంట కూసుంటే యాప్ బయటికి రాదు" అని నవ్వేవాడు.

బటన్లు మాత్రం పెద్దవిగా పెట్టించాం. మా దగ్గర ఒక జత గ్లౌజులే పొద్దంతా నడుస్తాయి. మాటిమాటికీ తీసి తొడుక్కోవడం ఎవరికీ ఇష్టముండదు.

ముందుగా నాతో పనిచేసే అమ్మాయి ఫోన్‌లో వేసి చూశాం. కొన్నాళ్లకు, "మంచిగున్నదక్కా, గ్లౌజు తియ్యకుంటనే అన్ని చూసుకుంటాన" అంది. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఏదో మరిచిపోయానన్న గుబులు నన్ను వదల్లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె, పరీక్షలో పోల్చడానికి పెట్టుకున్న విషం సీసా మూత బిగించి, అదే గ్లౌజు చేత్తో ఫోన్‌లో పేజీ జరపడం చూశాను. ఫోన్ తీసుకుని యూవీ దీపం కింద పెట్టాను. మామూలు వెలుతురులో కనపడని ఆ విషం దాని కింద నీలంగా మెరుస్తుంది. తెర మీద అక్కడక్కడా నీలం చుక్కలు కనిపించాయి.

"సబ్బు మరకలు గూడ గిట్లనే మెరుస్తయి" అన్నాను. అది నిజమే. కానీ నా మాట మీద నాకే నమ్మకం లేదు.



"మా పాప పొద్దుగాల బువ్వ తినదక్కా. గీ ఫోన్ చేతికిస్తెనే నోరు తెరుస్తది." ఫోన్ అంచు చూపించి, "మూలలు నోట్ల పెట్టుకుంటది" అంది.

బ్లీచింగ్ నీళ్లతో ఫోన్ తుడిచాం. యాప్ ఎవరికీ ఇవ్వొద్దని అప్పటికప్పుడే మరిదికి చెప్పాను.

"పాపకేం గాదు గదక్కా?" అని అడిగింది.

ఆ విషం ఎంతైతే ఎలుక చస్తుందో నాకు నోటికి వచ్చు. ఫోన్ చప్పరించిన పసిపిల్ల కడుపులోకి ఎంత పోయి ఉంటుందో ఎవరు చెప్పగలరు?

"ఏం గాదు, ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆమె నమ్మింది. గ్లౌజులు తొడుక్కుని పనిలో పడింది. నేను మాత్రం ఆమె ఫోన్‌ను మళ్లీ యూవీ దీపం కింద పెట్టి చూశాను.